ఇడ్లీలు చల్లారని ఓడ

మా ఇంట్లోకి కేబుల్ కనెక్షన్ వచ్చిన కొత్తలో ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో మనుషుల్లేని ఓడ గురించి చూపించారు. వందేళ్ళ పైమాట. నడిసముద్రంలో ఒక ఓడ తెరచాపలెత్తుకుని దాని మానాన అది పోతోందట. దగ్గరికెళ్ళి చూస్తే లోపల నరమానవుడు లేడట. వాళ్ళంతా ఏమైపోయారో ఇవాళ్టికీ ఎవరికీ తెలీదట. కోట్లేసుకున్న పెద్దమనుషులు నలుగురు కూర్చుని పొడిపొడిగా ఏదో చెప్పారు. నేను చివరిదాకా చూసి, టీవీ కట్టేసి, అసలు సంగతి చెప్పనే లేదు, ఇడ్లీల మాటే ఎత్తలేదు అని మా ఆయనతో విసుక్కున్నాను. ఆయన పేపర్లోంచి తలెత్తి నా వైపు అదోలా చూశారు. చూడనివ్వండి. ఆ ఓడలో ఇడ్లీలున్నాయి. పొయ్యి మీద పాత్రలోంచి ఆవిరి వస్తూనే ఉంది. కెప్టెన్ గ్లాసులో సగం తాగిన కాఫీ చెయ్యి పెడితే కాలేంత వేడిగా ఉంది. ఈ సంగతి నాకు తెనాలి–రేపల్లె ప్యాసింజర్లో మా టీచర్ గారు చెప్పారు. ఆవిడ నోటితో విన్నాక ఇంకెవరు చెప్పినా నాకు ఆనదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఇది చదివితే రెండో పేరాకే పోల్చుకుంటారు, మిగతావాళ్ళకి పేరుతో పనిలేదు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఉండుంటే ఈపాటికి ఆ టీవీవాళ్ళని రైలు పెట్టెలో కూర్చోబెట్టి కథ ఎలా చెప్పాలో నేర్పించేవారు.

ఎనభైల్లో నేను రేపల్లెలో ఒక గవర్నమెంటాఫీసులో టైపిస్టుని. కాపురం తెనాలిలో. రోజూ అదే బండి, అదే పెట్టె, అదే సీటు. సీజన్ టిక్కెట్టువాళ్ళకి సీట్ల మీద హక్కుందని రైల్వేవాళ్ళు ఎక్కడా చెప్పలేదు గానీ, మా పెట్టెలో కొత్తవాడెవడైనా కిటికీ దగ్గర కూర్చుంటే వాడు లేచేదాకా మేం నలుగురం కలిసి ఊపిరాడనిచ్చేవాళ్ళం కాదు. ఆ కిటికీ సీటు టీచర్ గారిది. రేపల్లెలో ఒక మిషన్ స్కూల్లో జాగ్రఫీ చెప్పేవారు. లూథరన్ క్రైస్తవ కుటుంబం. తెనాలిలో అన్నగారి ఇంట్లో ఉండేవారు. సన్నగా, పొడుగ్గా, గంజి పెట్టిన నేతచీరలో, ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగుతో ప్లాట్‌ఫారం మీద నిలబడితే బండి ఆవిడ కోసమే వచ్చి ఆగినట్టుండేది.

బండి చినరావూరు దాటేదాకా ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. దాటాక సంచీలోంచి ఒక పిప్పరమెంటు తీసి బుగ్గన పెట్టుకుని, కుడి అరచెయ్యి కిటికీ ఊచ మీద బోర్లా పెట్టేవారు. అంతే, పెట్టెలో పేకాట ఆగిపోయేది. ఆ అరచెయ్యే ఓడ. చెయ్యి మెల్లగా అటూ ఇటూ ఒరుగుతుంటే సముద్రం శాంతంగా ఉన్నట్టు, వేళ్ళు పైకి లేస్తే గాలివాన వస్తున్నట్టు. మా ప్యాసింజర్ ఊగుడు కూడా ఆవిడకి బాగా కలిసొచ్చేది. కథలో పొగమంచు రావలసి వస్తే ఆ వైపు షట్టర్లన్నీ దించమనేవారు. ఇంజను పొగ లోపలికొచ్చి అందరం దగ్గుతుంటే, ఆ, ఇదీ పొగమంచంటే అనేవారు తృప్తిగా. పొద్దున రేపల్లె ప్లాట్‌ఫారం కనిపించగానే ఎక్కడున్న ఓడని అక్కడే ఆపేసేవారు. మిగతా కథ సాయంత్రం బండికి. ఒకసారి ఆవిడ జ్వరమొచ్చి, మధ్యాహ్నమే సెలవు పెట్టి ముందు బండికి వెళ్ళిపోయారు. ఇరవైమంది మనుషులం భట్టిప్రోలు దాకా మాటా పలుకూ లేకుండా కూర్చున్నాం. అక్కడ వేరుశనక్కాయలమ్మే ఆమె కిటికీ దగ్గరికొచ్చి, టీచరమ్మ రాలేదా, ఆ దీపాలారిపోయిన ఓడేమైంది అని అడిగి, మాకూ తెలీదంటే కాయలమ్మకుండా వెళ్ళిపోయింది.

ఏ దేశపు ఓడైనా ఆవిడ చేతిలో పడితే కృష్ణాజిల్లాదో గుంటూరుజిల్లాదో అయిపోవలసిందే. ఎప్పటికీ ఒడ్డు చేరలేని డచ్చి కెప్టెన్ ఒకడున్నాడు. లోకంలో అందరూ చెప్పుకునేది, వాడు గాలివానలో దేవుణ్ణి తిట్టాడనీ, అందుకే శాపం తగిలిందనీ. మా టీచర్ గారి డచ్చివాడు బందరుకి అద్దకం బట్టల కోసం బయల్దేరాడు. ఆదివారం నాడు గుడి ఎగ్గొట్టి లంగరెత్తాడు. అదీ వాడి తప్పు. ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాడు, ఎదురొచ్చిన ఓడలవాళ్ళకి ఉత్తరాలిచ్చి మా ఇంట్లో ఇవ్వండని బతిమాలుకుంటున్నాడు. మంచులో ఇరుక్కున్న ఓడ ఇంకొకటి. అందులో మనుషులు కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే, రాసుకుంటున్నవాళ్ళు రాసుకుంటున్నట్టే గడ్డకట్టిపోయి ఉన్నారు. మేం గుండెలు చిక్కబట్టుకుని వింటుంటే, టీచర్ గారు పిప్పరమెంటు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుని, ఎండాకాలం వచ్చింది, మంచు కరిగింది, అందరూ లేచి ఒళ్ళు విరుచుకున్నారు అన్నారు. మూర్తిగారు పకపకా నవ్వారు.

మూర్తిగారు సహకార బ్యాంకులో గుమాస్తా. మా పెట్టెలో ఎదురు ప్రశ్నలన్నీ ఆయనవే. మనిషి మంచివాడే గానీ ఏ విషయమైనా తేల్చుకుంటే తప్ప అన్నం సహించదు. ఇడ్లీల ఓడ కథ అయిపోయిన రోజున ఆయన ఊరుకోలేదు. మనుషులు గాలిలో కలిసిపోతారా అండి, ఏ దొంగలో వచ్చి చంపి సముద్రంలో పారేసి ఉంటారు, కాస్త ఆలోచించండి అన్నారు. టీచర్ గారు అరచెయ్యి ఊచ మీంచి తీసేశారు. "చచ్చిపోయారని ఎవరు చెప్పారండీ మీకు? మీరు చూశారా? కనపడలేదు అంతే" అని మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. వేమూరు దాటినా ఇటు తిరగలేదు. మూర్తిగారు అరటిపండు ఇవ్వబోయినా పుచ్చుకోలేదు. సరదాగా అన్న మాటకి అంత కోపమేంటని మేమందరం అనుకున్నాం.

తర్వాత గమనిస్తే తెలిసింది, ఆవిడ కథల్లో ఎన్ని ఓడలైనా ఖాళీ అవుతాయి, మనిషన్నవాడు మాత్రం చావడు. ఏదో ఒక దీవిలో ఉంటాడు. లేదా వేరే ఓడెక్కి వెళ్ళిపోయి ఉంటాడు. దారి తప్పి ఉంటాడు. అంత పెద్ద సముద్రంలో ఒక్కడంటే ఒక్కడు మునిగిపోడేంటి అని నాకూ నవ్వొచ్చేది. పైకి అనేదాన్ని కాదు. అలిగితే మర్నాడు కథ ఉండదు మరి.

ఒక కార్తీకమాసంలో పెట్టె మొత్తం కలిసి బాపట్ల వెళ్ళాం, సూర్యలంకలో వనభోజనాలకి. టీచర్ గారు పులిహోర డబ్బాతో, గొడుగుతో వచ్చారు. సరుగుడు తోటలో వంటలవుతుంటే మా అందరినీ కూర్చోబెట్టుకుని ఆ ఊరి సముద్రం కథే చెప్పారు. చలికాలం తెల్లవారుఝామున దీపాలన్నీ వెలిగించుకుని ఒక పాతకాలపు ఓడ ఒడ్డుకి దగ్గరగా వస్తుందట. వేటకెళ్ళే పడవలవాళ్ళని, ఇది ఏ ఊరయ్యా అని అడుగుతారట. బాపట్లండి అని చెప్తే, అయ్యో, మాకు బందరు కావాలి అని మర్యాదగా చెప్పి వెళ్ళిపోతారట. మళ్ళీ ఏడు మళ్ళీ వస్తారు, మళ్ళీ అదే ప్రశ్న. మూర్తిగారు పక్కనే వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని పట్టుకుని ఇందులో నిజమెంతని నిలదీశారు. ఆయన దారం పంటితో కొరికి, మా తాత చెప్పాడండి, ఆయన చెయ్యి కూడా ఇలా చూపించాట్ట బందరు వైపు, అయినా వాళ్ళకి అర్థం కాదండి అన్నాడు. మూర్తిగారి మొహం చూడాలి ఆ పూట.

భోజనాలయ్యాక అందరం నీళ్ళలోకి దిగాం. వయసులో పెద్దవాళ్ళు కూడా పంచెలు ఎగ్గట్టి కెరటాలతో పరాచికాలాడుతున్నారు. టీచర్ గారు రాలేదు. చీర తడుస్తుందన్నారు. నేను వెనక్కొచ్చి, పాదాలు తడిస్తే చాలు రండి అని చెయ్యి పట్టుకుని లాగబోయాను. ఆవిడ రెండో చేత్తో సరుగుడు చెట్టు పట్టుకుని ఉన్నారు. సరదాకి పట్టుకున్న పట్టు కాదు అది. నేను వదిలేశాను. ఓడల గురించి ఇంత తెలిసిన మనిషి పడవే ఎక్కరనీ, రేపల్లె పక్కనే ఉన్న పెనుమూడి రేవు మొహం కూడా చూడరనీ వాళ్ళ స్కూల్లో టీచరొకామె తర్వాత నాతో చెప్పింది. నాకు లోపల్లోపల భలే సరదా వేసింది. ఎప్పుడైనా ఆటపట్టించడానికి పనికొస్తుందని దాచుకున్నాను కూడా.

ఆ సమయం కరుణ పెళ్ళికి వచ్చింది. కరుణ మా పెట్టెలో చిన్నది. రేపల్లె టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరు. తల్లి లేదు. టీచర్ గారంటే ప్రాణం, టీచర్ గారికీ అంతే. సంబంధం కృష్ణ అవతల అవనిగడ్డలో కుదిరింది. వాళ్ళదీ క్రైస్తవ కుటుంబమే, పెళ్ళి అబ్బాయి వాళ్ళ గుడిలో. అప్పటికి పెనుమూడి దగ్గర వంతెన లేదు, అవతలికెళ్ళాలంటే లాంచీయే. తల మీద ముసుగు టీచర్ గారే వెయ్యాలని కరుణ ఎప్పుడో మాట తీసుకుంది. ఆవిడ ఏట్లో అడుగు పెట్టరని అప్పటికి దానికి తెలీదు. మాటిచ్చేటప్పుడు టీచర్ గారు ఆ సంగతి ఎత్తలేదు.

డిసెంబరు నెల. పొద్దున్నే పెళ్ళివారం, మా పెట్టెవాళ్ళం రేవుకి చేరాం. కృష్ణ కనపడటం లేదు. ఒడ్డు నుంచి నాలుగడుగుల అవతల అంతా తెల్లగా మంచు. అక్కడి పాస్టరు అయ్యగారు పదింటికల్లా పెళ్ళి మొదలుపెట్టాలనీ, ఆ తర్వాత వేరే ఊళ్ళో ఇంకో పెళ్ళి ఉందనీ, ఆలస్యమైతే ఆగననీ ముందే కబురు చేశారు. కరుణ నాన్నగారు వాచీ చూసుకుంటూ అందరినీ లాంచీలోకి తోలుతున్నారు. టీచర్ గారు టీకొట్టు బల్ల మీద కూర్చుని లేవడం లేదు. ఒంట్లో బాగాలేదంటారు, మీరు వెళ్ళిరండంటారు, మాట తడబడుతోంది. ఆటపట్టించడానికి దాచుకున్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఆవిడ మొహం చూస్తే ఎవరికైనా భయం వేసేది. కరుణ లాంచీ దిగి వచ్చి, పట్టుచీర నలుగుతుందని కూడా చూడకుండా ఆ బల్ల మీద ఆవిడ పక్కన కూర్చుంది. "మీరు రాకపోతే నేనూ వెళ్ళను టీచర్ గారూ. ఇక్కడే ఇద్దరం టీ తాగుతూ కూర్చుందాం" అంది. బెదిరింపుగా కాదు, నిజంగానే ఒక టీ చెప్పింది. వాళ్ళ నాన్నగారు నెత్తి కొట్టుకున్నారు. టీ వచ్చేలోపు టీచర్ గారు లేచారు. కళ్ళు గట్టిగా మూసుకుని, నా మణికట్టు పట్టుకుని లాంచీ ఎక్కారు. ఆవిడ పట్టిన చోట నా గాజు చిట్లింది.

సరంగు ఇంజను సన్నగా నడుపుతూ, మధ్యమధ్యలో ఆపి చెవి ఒగ్గి వింటూ పోతున్నాడు. ఏటికి ఏ వైపున్నామో ఎవరికీ తెలీదు. ఇంతలో మంచులోంచి నల్లగా ఏదో మా మీదికొచ్చింది. సరంగు గెడ వేసి ఆపేలోపు లాంచీ దానికి మెత్తగా తగిలి ఆగింది. పెద్ద నాటుపడవ. పైన కొబ్బరాకు పందిరి, పందిరికి బంతిపూల దండలు. లోపల ఎవరూ లేరు.

మూర్తిగారే ముందు తొంగి చూశారు. చూసి, పక్కకి తిరిగి, చాలా నెమ్మదిగా, "టీచర్ గారూ, ఇడ్లీలు" అన్నారు.

ఆ మాటకి ఆవిడ కళ్ళు తెరిచారు. పడవ మధ్యలో ఇటుకల పొయ్యి, దాని మీద గంగాళమంత ఇడ్లీపాత్ర, మూత పక్కనుంచి ఆవిరి. పక్కన కాఫీ బాయిలరు. బల్ల మీద సగం తాగి పెట్టిన గ్లాసు. పొగలు కక్కుతోంది. ఒక మూల డోలు, దాని మీద సన్నాయి. అంచు వెంబడి వరసగా చెప్పుల జతలు. మనిషి అలికిడి లేదు. ఇన్నేళ్ళుగా ఆ రైల్లో ఈ కథలు విన్నవాళ్ళం కనక మాకు ఇంకో ఆలోచన రాలేదు. వేరేవాళ్ళయితే ఓయ్ అని కేకేసి ఉండేవారు. మేం ఇరవైమందిమీ ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని గుడ్లప్పగించి నిలబడ్డాం. మూర్తిగారి పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకున్నారో తర్వాత ఎంతడిగినా చెప్పలేదు.

టీచర్ గారు మాత్రం పడవని చూడటం లేదు, మంచులోకి చూస్తున్నారు. కాసేపటికి అందులోంచి మాటలు వినిపించాయి. ఆ వెనకే మోకాళ్ళ దాకా పంచెలెగ్గట్టుకున్న మనుషులు ఒక్కొక్కరే బయటికొచ్చారు. అందరికంటే ముందున్నాయన పెళ్ళికొడుకు మేనమామ. వియ్యాలవారికి ఏటి మధ్యలోనే ఎదురొచ్చి కాఫీ టిఫిన్లిచ్చి తీసుకెళ్ళడం వాళ్ళ ఇంటి మర్యాదట. మంచులో పడవ ఇసుకదిబ్బ మీదికెక్కి కూర్చుందట. మా ఇంజను చప్పుడు విని, చెప్పులు విప్పి దిగి, మమ్మల్ని పిలుద్దామని దిబ్బ మీద పరిగెత్తారట. మంచులో చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలీక సరిగ్గా ఎదురు దిక్కుకి పరిగెత్తారు. ఇది విన్నాక మా లాంచీ అంతా నవ్వులతో ఊగిపోయింది. టీచర్ గారు నవ్వుతున్నారు, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. పడవ దగ్గరికొచ్చిన ప్రతివాణ్ణీ చెయ్యి చాపి తాకుతున్నారు. పాపం వాళ్ళకేమీ అర్థం కాక, బాగున్నారా అమ్మా అని పలకరించి ఎక్కుతున్నారు.

అప్పటికే పోటు మొదలైంది. సముద్రం నుంచి నీళ్ళు ఎగువకి తోస్తుంటే ఇసుక మీద కూర్చున్న పడవ మెల్లగా కదిలి తేలింది. మేనమామ సంతోషంగా, పడవ లేచిందండీ, అందరం వచ్చేశాం, పదండి పదండి, టైమైపోతోంది అన్నాడు. అందరూ చెప్పులు తొడుక్కున్నారు. సరంగు ఇంజను మీద చెయ్యేశాడు.

"ఈ చెప్పులెవరివి?" అన్నారు టీచర్ గారు.

అంచు మీద ఒక జత మిగిలిపోయింది. పాత టైరు చెప్పులు. ఎవరో పాతవి వదిలేసి ఉంటార్లెమ్మా అన్నారొకరు. మేనమామ తనవాళ్ళని పేరుపేరునా పిలిచి చూశాడు. అందరూ పలికారు. డోలు, సన్నాయి వాళ్ళూ ఉన్నారు. మరి ఈ కాఫీ ఎవరు కాచారు అని అడిగారు ఆవిడ. అప్పుడు తట్టింది వాళ్ళకి. కాఫీ తాత. ఏ పెళ్ళికైనా బాయిలరు పట్టుకొచ్చే ముసలాయన. ఎవరికీ చుట్టం కాదు, అందుకని లెక్కలోకి రాలేదు. పేరు కూడా ఎవరికీ తెలీదు. దిబ్బ మీద నీళ్ళు అప్పుడే పాదాలు మునిగేంత ఉన్నాయి.

నలుగురు ఇక్కడే దిగి వెతుకుతారు, పెళ్ళివాళ్ళు ముందు వెళ్ళండి, అయ్యగారు వెళ్ళిపోతే పెళ్ళాగిపోతుంది అని కరుణ నాన్నగారు గాభరాపడ్డారు. ఆయన తప్పు కాదు, ఆడపిల్ల తండ్రి. టీచర్ గారు గొడుగు నాకిచ్చి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, లాంచీ అంచు పట్టుకుని నీళ్ళలోకి దిగారు. మేమెవ్వరం ఆపలేదు.

"అయ్యగారు వెళ్ళిపోతే ఇంకో అయ్యగారు దొరుకుతారు బాబూ. మా చెల్లెలి కోసం ఎవరూ ఆగలేదు. ట్రాక్టరు బయల్దేరదీశారు. వెనక వచ్చేస్తుందిలే అనుకున్నారు" అన్నారు ఆవిడ. గొంతు పెంచలేదు. తరగతిలో పాఠం చెప్పినట్టే చెప్పారు. దివిసీమ ఉప్పెన నాటి మాట అది. చెల్లెల్ని అవనిగడ్డ అవతల ఒక ఊరికిచ్చారు. గాలి ముదిరాక అందరూ ట్రాక్టరెక్కి మిట్టన ఉన్న బడికి వెళ్తుంటే ఆమె పాకలో గేదెల కట్లు విప్పొస్తానని వెనక్కెళ్ళింది. తర్వాత దొరకలేదు, శవం కూడా. ఇన్నేళ్ళు రోజుకి రెండుపూటలా ఆవిడ పక్కన కూర్చున్నదాన్ని, నాకు ఆవిడకో చెల్లెలుందనే తెలీదు.

కరుణ లేచి నిలబడింది. ఇంజను ఆపెయ్యమని సరంగుకి చెప్పింది. వాళ్ళ నాన్నగారు మళ్ళీ వాచీ చూసుకోలేదు.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒకళ్ళు అరిస్తే ఒకళ్ళు అరిచారు, అన్ని కేకలూ కలిసి ఏ దిక్కుదో తెలీకుండా పోయింది. టీచర్ గారు అందరినీ నోరు ముయ్యమన్నారు. మంచులో ఓడలు ఒకటే గంట కొడతాయి, పది కొట్టవు అన్నారు. డోలు వాళ్ళని పిలిచి పడవ అంచున కూర్చోబెట్టి, ఆపకుండా వాయించమన్నారు. పెళ్ళికూతురు ఇంకా ఒడ్డెక్కలేదు కదండీ, ఇప్పుడే వాయించొచ్చా అని సన్నాయి ఆయనకి సందేహం. ఆవిడ ఒక్క చూపు చూశారు. సన్నాయి అందుకున్నాడు. అలా కృష్ణ మధ్యలో, చుట్టూ ఏమీ కనపడని చోట, పెళ్ళి మేళం మోగింది. మూర్తిగారు ప్యాంటు మడిచి టీచర్ గారి పక్కన నీళ్ళలో నిలబడి, ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఉన్నారు. నీళ్ళు ఆవిడ పిక్కల దాకా వచ్చాయి. పైకి రమ్మంటే రారు.

చాలాసేపటికి మంచులో ఒక నల్లటి మచ్చ కదిలింది. అది మనిషయింది. కాఫీ తాత. నడుముకి తుండుగుడ్డ, చేతిలో చెంబు. దిబ్బ మీద నలుగురికీ దూరంగా పని మీద వెళ్ళి, మంచులో దారి తప్పి, మేళం చప్పుడు పట్టుకుని వచ్చాడు పాపం. వచ్చి చూస్తే రెండు పడవల జనం ఆయన కోసం చేతులు చాపి నిలబడ్డారు, పెళ్ళికూతురుతో సహా. మేళం ఇంకా మోగుతోంది. సిగ్గుతో ఆయన చెంబు వెనక్కి దాచుకున్నాడు. టీచర్ గారు వెళ్ళి ఆ చెంబు అందుకుని, చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించి, టైరు చెప్పులు కాళ్ళ దగ్గర పెట్టారు. ఆయన గజగజలాడుతూ, నా కోసం ఆగారా అమ్మా అన్నాడు. ఆవిడ ఆయన కాచిన కాఫీయే ఒక గ్లాసు పట్టి ఆయనకిచ్చారు.

అయ్యగారు వెళ్ళిపోలేదు. పెళ్ళికూతురు ఏట్లో ఉందని ఎవరో చెప్తే, రెండో పెళ్ళివాళ్ళకి కబురు చేసి గుడి మెట్ల మీద కూర్చున్నారట. మేం వెళ్ళేసరికి మొహం మాడ్చుకుని ఉన్నారు గానీ, తడిసిన చీరతోనే టీచర్ గారు కరుణ తల మీద ముసుగు సర్దుతుంటే చూసి ఊరుకున్నారు. పెళ్ళి బాగా జరిగింది. ఆ ఇడ్లీలు చల్లారిపోయాయి, అయినా ఒక్కటి మిగల్లేదు.

భోజనాలయ్యాక టీచర్ గారు మేనమామని అడిగి జీపు తెప్పించుకున్నారు. నన్ను రమ్మన్నారు. కాఫీ తాత పిలవకుండానే ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు, ఆ వేళంతా ఆయన ఆవిణ్ణి వదల్లేదు. చెల్లెలి ఊరు వెళ్ళాం. మిట్ట మీద బడి అలాగే ఉంది, కింద ఇళ్ళన్నీ కొత్తవి. ఆవిడ నడుచుకుంటూ ఒక వేపచెట్టు దాకా వెళ్ళి, ఇక్కడే పాక ఉండేది అన్నారు. ఇప్పుడక్కడ ఎవరిదో వరి కుప్ప ఉంది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "ఎస్తేరూ" అని చెల్లెల్ని పిలిచారు. ఆడుకుంటున్న పిల్లలు ఆగి చూశారు. మళ్ళీ పిలవలేదు. కుప్ప పక్కన గడ్డి మీద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. నాకు ఏడుపొస్తోంది, ఆవిడకి రావడం లేదు. ఎండ పసుపురంగుకి తిరిగేదాకా అలాగే ఉన్నాం. తాత దూరంగా జీపు దగ్గర నిలబడి, రేవులో ఆఖరి లాంచీ సంగతి చెప్పలేక చెప్పలేక ఒకసారి దగ్గాడు.

టీచర్ గారు చీరకంటిన గడ్డి దులుపుకుంటూ లేచారు. "ఆగాం కదమ్మా. చచ్చిపోయింది అది. పద, వెళ్దాం" అన్నారు.

సాయంత్రం ఏరు నిండుగా ఉంది, మంచు లేదు, అవతలి ఒడ్డు చెట్లతో సహా కనిపిస్తోంది. లాంచీలో ఇసకేస్తే రాలనంత జనం. ఆవిడ నా పక్కన బల్ల మీద కూర్చుని, చెప్పులు విప్పి కాళ్ళు బారజాపుకున్నారు. ఇంజను మొదలవగానే తల నా భుజం మీద వాల్చారు. నేను భయమేమో అనుకుని చెయ్యి పట్టుకున్నాను. చూస్తే నిద్రపోతున్నారు. సన్నగా గురక కూడా. రేవులో మా కోసం కాసుకుని ఉన్న మూర్తిగారు ఏదో అనబోతే నేను వద్దని సైగ చేశాను. పెనుమూడి రేవులో లాంచీ ఆగి, జనమంతా దిగిపోయాక, సరంగు వచ్చి లేపితే గానీ లేవలేదు.